పెడల్ కింద ఎసరు

ఆ చప్పుడును ముందుగా పసిగట్టింది ఎదురింటి కుక్క. సాయంత్రం మా మేనల్లుడు ఆఫీసు నుంచి వచ్చి కారును ఇంటి ముందు వాలు మీదికి తిప్పేసరికి చెవులు నిక్కబొడుచుకుని మొరిగేది. రెండు రోజులు పోయాక నాకూ వినిపించింది. పలక మీద మేకుతో గీసినట్టు సన్నగా, పళ్ళు జివ్వుమనేలా ఉంది. బ్రేకు మీద కాలు వేస్తే వస్తోంది, తీస్తే పోతోంది.

"బ్రేకులు పోతున్నట్టున్నాయి మామయ్యా" అన్నాడు వాడు.

"పోలేదురా, కబురు పెడుతున్నాయి" అన్నాను.

బ్రేక్ ప్యాడ్ పక్కన సన్నటి స్టీలు నాలుక ఒకటి ఉంటుంది. ప్యాడ్ అరిగి అరిగి రెండు మూడు మిల్లీమీటర్లకు వచ్చేసరికి ఆ నాలుక కొస తిరిగే డిస్క్‌కు తగిలి కీచుమంటుంది. చెడిపోయినందువల్ల వచ్చే చప్పుడు కాదది, చెడిపోకముందే చెప్పమని ఇంజనీర్లు కావాలని పెట్టిన చప్పుడు. దాన్ని కూడా పట్టించుకోకపోతే ప్యాడ్ పూర్తిగా అరిగి వెనకున్న ఇనుప పలక డిస్క్‌ను చెక్కడం మొదలుపెడుతుంది. అప్పుడు వందల్లో పోయే ఖర్చు వేలల్లోకి దిగుతుంది.

మేనల్లుడు ఉండేది డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో. దగ్గర్లోని వర్క్‌షాపు వాళ్ళు చెప్పిన అంకెలో ప్యాడ్ల ఖరీదు చిన్న ముక్క, మిగతాదంతా చేతి కూలి. మనమే చేద్దాం మామయ్యా అన్నాడు. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. వాడు కోడ్ రాసుకునేవాడు. బ్రేకులు విప్పిన అనుభవం మా ఇద్దరిలో నాకొక్కడికే ఉంది, అదీ ఒకే ఒక్కసారి, ఒక గేటు ఖరీదుకు వచ్చిన అనుభవం. ఆ సంగతి వరసలో వస్తుంది.

కారు టయోటా 86. టయోటా, సుబారు కలిసి 2012లో దించిన కూపే. రెండే తలుపులు, వెనక్కి జారిన పైకప్పు, నేలకు ఆనుకున్నట్టుండే సీట్లు. వెనక సీటు కూడా ఉంది కానీ, అందులో కూర్చోవాలంటే కాళ్ళు ఇంట్లో వదిలి రావాలి.

పని మొదలుపెట్టేముందు కాఫీ తాగుతూ వాడి చేత ఒక లెక్క వేయించాను. పాఠం చెప్పిన నోరు ఊరుకోదు కదా. కారు బరువు సుమారు 1250 కిలోలు. మనిషి, పెట్రోలు, సామాను కలిపి 1350 అనుకుందాం. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ద్రవ్యరాశిలో సగాన్ని వేగ వర్గంతో గుణిస్తే గతిశక్తి. సుమారు 5,20,000 జౌళ్ళు వచ్చింది.

"ఇది ఎక్కువా, తక్కువా?" అన్నాడు ఫోన్‌లోంచి తలెత్తి.

న్యాయమైన ప్రశ్నే. జౌల్ ఎవరి వంటింట్లోనూ లేని కొలత. అందుకని దాన్ని ఎసరులోకి మార్చాను. 30 డిగ్రీల నీళ్ళు ఒక లీటరు మరగడానికి 2,93,000 జౌళ్ళు కావాలి. ఆ లెక్కన, 100 మీద పోతున్న ఈ కారును ఒక్కసారి ఆపితే పుట్టే వేడితో ఒకటి ముప్పావు లీటర్ల ఎసరు మరుగుతుంది. నలుగురైదుగురికి అన్నం ఉడికిపోతుంది. వేగం రెట్టింపు చేస్తే ఎసరు నాలుగింతలవుతుంది, 200 మీద నుంచి ఆపితే ఏడు లీటర్లు.

ఇది ఎంత తొందరగా జరుగుతుందో చూడండి. ఇంజను దాదాపు 200 గుర్రాలది. నిలుచున్న కారును 100కు తీసుకెళ్ళడానికి దానికి ఏడెనిమిది సెకన్లు కావాలి. గట్టిగా బ్రేకు తొక్కితే అదే కారు మూడు సెకన్లకు కాస్త అటూ ఇటూగా నిలబడిపోతుంది. అంత శక్తిని మూడు సెకన్లలో మింగాలంటే సగటున 230 గుర్రాల బలం కావాలి. కార్లు కొనేవాళ్ళు ఇంజను గుర్రాలే లెక్కపెడతారు. చక్రాల చాటున కట్టేసి ఉన్నవి వాటికంటే ఎక్కువని నాకు తెలిసి ఏ సేల్స్‌మనూ చెప్పడు.

బ్రేకు కారును ఆపుతుందనడం వాడుక మాట. బ్రేకు చేసేది వేగాన్ని వేడిగా మార్చి, ఆ వేడిని గాలిలోకి వదలడం. ఆగడం దాని ఫలితం. ప్యాడ్లు మార్చడంలో చాలా జాగ్రత్తలు ఈ వేడి చుట్టూనే తిరుగుతాయని వాడికి చెప్పాను. తల ఊపాడు. సాయంత్రానికి గానీ నమ్మలేదు.

శనివారం పొద్దున, ఎండ గరాజ్‌లోకి రాకముందే మొదలుపెట్టాం. ఒక మూల బియ్యం బస్తాలు, ఇంకో మూల వాడి అత్తగారు పంపిన ఆవకాయ జాడీలు, మధ్యలో ఎర్ర కూపే. గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ముందుకు తూలుతుంది కాబట్టి పనిలో సుమారు డెబ్భై పాళ్ళు ముందు చక్రాలదే. అందుకే ముందు ప్యాడ్లే ముందు అరుగుతాయి. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు కట్టెలు అడ్డం పెట్టి, కారు ఇంకా నేల మీద ఉండగానే వీల్ నట్లు కాస్త వదులు చేశాం. జాకీ మీదికి ఎత్తాక నట్టు తిప్పబోతే చక్రమే తిరిగిపోతుంది. నేల మీద ఉన్నప్పుడు దాన్ని పట్టి ఉంచేది టైరుకూ నేలకూ మధ్య ఘర్షణ. ఆ రోజు అది చేసిన మొదటి సాయం.

జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. కారును ఎత్తాక కింద ఇనుప స్టాండ్లు పెట్టి వాటి మీదికి దించాలి. జాకీలో ఉండేది ఆయిలు, ఒక రబ్బరు సీలే. ఆ సీలును నమ్మి మనిషి కారు కిందికి దూరకూడదు. ఇంకో మాట, రెండు పక్కలూ ఒకేసారి విప్పకండి. ఏ క్లిప్పు ఎటు కూర్చుంటుందో మరిచిపోతే చూసుకోవడానికి రెండో పక్క ఉంటుంది. మేము రెండుసార్లు వెళ్ళి చూసుకున్నాం.

చక్రం తీయగానే డిస్క్ బయటపడింది. 294 మిల్లీమీటర్ల పోత ఇనుప పళ్ళెం. నిజానికి ఒకటి కాదు, మధ్యలో సన్నటి గోడలతో అతికించిన రెండు పళ్ళేలు. తిరుగుతున్నప్పుడు మధ్యలోంచి గాలిని పీల్చి అంచుల్లోంచి చిమ్ముతుంది, పంఖా లాగా. పళ్ళెం ఏడు కిలోలనుకుంటే, 100 నుంచి ఒక్కసారి ఆపినప్పుడు దాని ఉష్ణోగ్రత 55 డిగ్రీల వరకూ పెరుగుతుంది. వెంటవెంటనే పదిసార్లు ఆపితే, చల్లారడానికి వ్యవధి ఇవ్వకపోతే, అది అయిదు వందల డిగ్రీల దారి పడుతుంది. రేసుల్లో రాత్రిపూట చక్రాల్లోపల ఎర్రగా వెలిగేవి ఇవే. డిస్క్ మీద అది ఎంత పలచబడేదాకా వాడవచ్చో అచ్చు పోసి ఉంటుంది. కొలిచాం, ఇంకా సత్తువ ఉంది.

ఆ డిస్క్‌ను అటూ ఇటూ పట్టకారులా పట్టుకుని ఉండేది క్యాలిపర్. దాని బోల్టు తీసి పైకి తిప్పగానే ప్యాడ్లు చేతికి వచ్చాయి. మేనల్లుడు ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. అరచెయ్యి కూడా నిండలేదు.

"ఇంతేనా? ఇంకా పెద్దది పెడితే ఇంకా బాగా పట్టదా మామయ్యా?"

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. పెరట్లోంచి ఒక ఇటుక తెమ్మన్నాను. చెక్క మీద ఇటుకను వెడల్పుగా పడుకోబెట్టి చెక్క ఒక కొసను మెల్లగా ఎత్తాం. ఒక వాలు దగ్గర జారింది. తర్వాత ఇటుకను పక్కకు తిప్పి, ఆ తర్వాత నిలువుగా నిలబెట్టి ఎత్తాం. ఆనే చోటు ఎంత తగ్గినా దాదాపు అదే వాలు దగ్గర జారింది. ఘర్షణ నొక్కే బలాన్ని బట్టి ఉంటుంది గానీ ఆనుకున్న వైశాల్యాన్ని బట్టి కాదు. ఫ్రాన్స్‌లో గియోమ్ అమాంటన్ 1699లో ఈ మాట చెప్పాడు. అంతకు రెండు వందల ఏళ్ళ ముందే లియొనార్డో డావించి దీన్ని తన నోటు పుస్తకాల్లో రాసిపెట్టుకున్నాడు, ఎవరికీ చెప్పలేదు.

కారణం తెలియడానికి మాత్రం ఇరవయ్యో శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది. కేంబ్రిడ్జిలో బౌడెన్, టేబర్ తేల్చింది ఇది. మన కంటికి నున్నగా కనిపించే ఇనుము దగ్గరగా చూస్తే ముళ్ళ ముళ్ళగా ఉంటుంది. రెండు పనసకాయలను ఒకదానికొకటి ఆనించండి. తగిలేవి ముళ్ళ కొసలే, అవీ కొన్నే. గట్టిగా నొక్కితే కొసలు నలిగి ఇంకొన్ని ముళ్ళు తగులుతాయి. నిజంగా తాకే చోటు నొక్కే బలంతో పెరుగుతుందే తప్ప పనసకాయ సైజుతో కాదు. పెద్ద ప్యాడ్ పెడితే అదే బలం ఎక్కువ చోట పంచుకుంటుంది, అంతే. మరి రేసు కార్లకు పెద్ద ప్యాడ్లు ఎందుకు? వేడి పంచుకోవడానికి, నెమ్మదిగా అరగడానికి. మళ్ళీ ఎసరు దగ్గరికే వచ్చాం.

పాత ప్యాడ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. బయటి వైపుది నాలుగు మిల్లీమీటర్లుంది, లోపలి వైపుది రెండే. ఈ కారులో పిస్టన్లు డిస్క్‌కు లోపలి వైపే ఉంటాయి. అవి లోపలి ప్యాడ్‌ను డిస్క్‌కు నొక్కుతాయి. డిస్క్ తిరిగి నెడుతుంది, న్యూటన్ మూడో సూత్రం. ఆ నెట్టుడుకు క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద వెనక్కి జారి బయటి ప్యాడ్‌ను తనతో లాక్కొస్తుంది. ఒక్క వైపు నుంచి తోసి రెండు వైపులా పట్టు సంపాదించే తెలివి ఇది. పిన్నులు మురికిపట్టి బిగుసుకుపోతే క్యాలిపర్ సరిగ్గా జరగదు, లోపలి ప్యాడ్ ఒంటరిగా చాకిరీ చేసి ముందే అరిగిపోతుంది. చక్రం సందుల్లోంచి తొంగిచూస్తే కనిపించేది బయటి ప్యాడ్ మాత్రమే. దాన్ని చూసి ఇంకా చాలా ఉందిలే అనుకునేవాళ్ళు మోసపోయేది ఇక్కడే. పిన్నులు తుడిచి, వాటికోసం అమ్మే సిలికాన్ గ్రీజు పూసి, చేత్తో ఆడించి చూశాం. వెన్నలా జారాయి.

ఇక కొత్త ప్యాడ్. అంచున ఏవో అంకెలు, చివర రెండు ఇంగ్లిషు అక్షరాలు. కొనేవాళ్ళలో వాటిని చదివేవాళ్ళను నేను చూడలేదు, కానీ అట్టపెట్టె మీది పులి బొమ్మకంటే అవే నిజం చెబుతాయి. మొదటి అక్షరం మామూలు వేడిలో ఘర్షణ గుణకం, రెండోది బాగా కాగినప్పటిది. ‘ఇ’ అంటే 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జి’ అంటే 0.45 నుంచి 0.55. మాది ఎఫ్ ఎఫ్. కాగినా పట్టు వదలదన్న మాట. మొదటి అక్షరం మంచిదై రెండోది తక్కువదైతే అది ఊళ్ళో బాగానే పడుతుంది, కొండ దిగేటప్పుడు చేతులెత్తేస్తుంది.

ఆ నల్ల ముద్దలో ఏముంటుందన్నది ప్రతి కంపెనీ దాచుకునే వంట రహస్యమే అయినా, దినుసులు చాలావరకు అందరికీ తెలుసు. అన్నింటినీ కలిపి పట్టి ఉంచే రెజిన్, ఇనుప పీచు, గ్రాఫైటు, రాపిడి పొడులు. వాటిలో రెండు మన నేలకు చుట్టాలు. ఒకటి ముగ్గురాయి. బెరైటీస్ అంటే పత్రికలు చదివేవాళ్ళకు తెలుస్తుంది. రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో దాని నిక్షేపం ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. ఎక్కువ భాగం చమురు బావుల తవ్వకానికి పోతుంది గానీ, వేడికి చలించని బరువైన పొడి కాబట్టి బ్రేక్ ప్యాడ్లలోనూ కలుపుతారు. రెండోది జీడి. జీడిపిక్క తొక్కలోంచి వచ్చే జిడ్డు నూనె చేతికి తగిలితే చర్మం పొక్కుతుంది. పలాసలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు చూసినవాళ్ళకు ఆ సంగతి చెప్పక్కర్లేదు. ఆ నూనెను గట్టిపరచి పొడి చేస్తే రబ్బరు గుణమున్న గోధుమరంగు ధూళి అవుతుంది. ప్యాడ్‌లో కలిపితే పట్టు ఎగుడుదిగుడు లేకుండా ఉంటుంది, కీచుమనడం తగ్గుతుంది. ఫ్రిస్కోలో మేం బిగించిన ప్యాడ్‌లోని జీడి ఏ దేశపుదో పెట్టె మీద రాయలేదు. మేనల్లుడు మాత్రం ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

ఈ దినుసుల చరిత్ర తోలుతో మొదలైంది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని ఆయన చేసిన మోటారు బండిని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా నడిపింది. నూరు కిలోమీటర్ల పైమాటే. దారిలో దిగుళ్ళలో చెక్క బ్రేకులు అరిగిపోతే, ఒక ఊళ్ళో చెప్పులు కుట్టే అతని దగ్గర ఆగి వాటికి తోలు ముక్కలు కొట్టించుకుంది. బ్రేక్ లైనింగ్ అనేదానికి పుట్టిల్లు ఆ చెప్పుల కొట్టే. తర్వాత ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లో డిస్క్ బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. రాగి ప్యాడ్లు ఇనుప డిస్క్ మీద పెట్టిన కేకలకు జనం చెవులు మూసుకున్నారు. ఆలోచన మంచిదే, దానికి తగిన పదార్థం ఇంకా పుట్టలేదు. కొన్నేళ్ళకు హెర్బర్ట్ ఫ్రూడ్ లైనింగుల్లోకి రాతినార తెచ్చాడు. వేడికి చలించదు, చవక, తొందరగా అరగదు. మనిషి ఊపిరితిత్తుల్లోకి పోతే మాత్రం బయటికి రాదు. రాతినారకు సెలవిచ్చేసరికి దశాబ్దాలు గడిచాయి. పాత బండి డ్రమ్ము విప్పి నోటితో ఉఫ్‌మని ఊదే మెకానిక్‌ను ఇప్పటికీ చూస్తుంటాం. దయచేసి ఆపండి. రాతినార లేకపోయినా ఆ ధూళి ఊపిరికి మంచిది కాదు. తడిబట్టతో తుడవండి, లేదా క్లీనర్ చల్లండి.

రాగి కథ ఇంకా ఈ మధ్యది. వేడిని చప్పున లాగేస్తుందని ప్యాడ్లలో రాగి పొడి కలిపేవారు. అరిగిన పొడి రోడ్డు మీద, వాన పడితే వాగులోకి. అమెరికా పడమటి తీరంలో కోహో సాల్మన్ చేపలకు నీటిలో కరిగిన రాగి వాసన పట్టే శక్తిని మందగింపజేస్తుందని, వేటాడే జీవి దగ్గరికొచ్చినా అవి పసిగట్టలేవని శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లో చట్టాలు చేసి, 2025 నాటికి ప్యాడ్లలో రాగి అర శాతానికి మించకూడదన్నాయి. రాష్ట్రానికో వంట చేయడం కుదరదు కాబట్టి కంపెనీలు దేశమంతటికీ మార్చుకున్నాయి. మా ప్యాడ్ పెట్టె మీద చిన్న ఆకు బొమ్మ ఉంది. అది ఆ చేపల పుణ్యం.

కొత్త ప్యాడ్లు లావు, క్యాలిపర్‌లో చోటు తక్కువ. పాత ప్యాడ్లు అరిగిన మేరకు పిస్టన్లు బయటికి వచ్చి ఉన్నాయి, వాటిని లోపలికి నెట్టాలి. క్యాలిపర్‌ను దాని రబ్బరు గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో స్ప్రింగుకు కట్టి, పాత ప్యాడ్‌ను అడ్డం పెట్టి బిగింపు మరతో మెల్లగా నొక్కాం. పిస్టన్ ఒక్కొక్క వెంట్రుకే లోపలికి దిగింది. ఈ పనిలో నాకు అన్నిటికంటే ముద్దొచ్చే వస్తువు ఇక్కడే ఉంది. పిస్టన్ చుట్టూ ఉండే చదరపు అంచుల రబ్బరు ఉంగరం అది.

దాని పని బ్రేక్ ఆయిల్ కారకుండా చూడడమే అనుకుంటాం. ఇంకో రెండు పనులు కూడా చేస్తుంది. ఒక పెన్ను చుట్టూ రబ్బరు బ్యాండు బిగుతుగా చుట్టి, బ్యాండును వేళ్ళతో కదలకుండా పట్టుకుని పెన్నును కొంచెం ముందుకు తోయండి. రబ్బరు పెన్నుతో పాటు వంగుతుంది. వదిలేస్తే నిటారవుతూ పెన్నును వెనక్కి లాగుతుంది. పెడల్ వదలగానే ప్యాడ్ డిస్క్‌ను వదిలేది ఇలాగే. ఏ స్ప్రింగూ అక్కర్లేదు, వంగిన రబ్బరు నిటారుగా అవడమే. వెనక్కి వచ్చే దూరం మిల్లీమీటరులో ఏ కొద్ది వంతో. ఇప్పుడు పెన్నును ఇంకాస్త గట్టిగా తోయండి. రబ్బరులోంచి జారి, కొత్తచోట మళ్ళీ పట్టుబడుతుంది. ప్యాడ్ అరిగినకొద్దీ పిస్టన్ కూడా అలాగే కొంచెం కొంచెం ముందుకు జారి నిలుస్తుంది. కొత్తలోనూ, సగం అరిగాకా పెడల్ ఒకే ఎత్తులో పట్టడానికి కారణం ఆ ఉంగరమే. సర్దుబాటు మరలు లేవు, కంప్యూటర్ లేదు.

నా గేటు కథ ఈ ఉంగరం చేతే జరిగింది. ముప్పై ఏళ్ళ కిందట విజయవాడలో, మా పాత కారు ముందు ప్యాడ్లు నేనే మార్చాను. నట్లు బిగించాను, చేతులు కడుక్కున్నాను, కారు తీసి వీధిలోకి రాబోయాను. బ్రేకు తొక్కితే పెడల్ నేలకు తాకింది, కారు గేటుకు తాకింది. ఏమీ చెడిపోలేదు, ఏమీ విరగలేదు, గేటు తప్ప. పిస్టన్లను నేను పూర్తిగా లోపలికి నెట్టేశాను కదా, వాటికీ ప్యాడ్‌కూ మధ్య మామూలుకంటే ఎన్నో రెట్లు ఖాళీ ఉంది. పెడల్ ఒక్కసారి తొక్కితే పైనున్న సిలిండర్ పంపే ఆయిలు కొంచెమే. అది ఆ ఖాళీ నింపడానికే చాలలేదు. నాలుగైదుసార్లు పంపు కొట్టి ఉంటే పిస్టన్లు మెట్టు మెట్టుగా ముందుకు వచ్చి, ఉంగరాలు కొత్తచోట పట్టుకుని, పెడల్ గట్టిపడేది. మా నాన్న గేటును చూసి, నన్ను చూసి, ఏమీ అనలేదు. అది ఇంకా బాధ.

అందుకని ఫ్రిస్కోలో నట్లు బిగించగానే తాళం చెవి నా జేబులో వేసుకుని, "ముందు పంపు కొట్టరా" అన్నాను. మొదటిది మెత్తగా నేలదాకా పోయింది, రెండోది సగం, నాలుగోదానికి రాయిలా నిలబడింది. వాడి ముఖంలో అప్పుడు కనిపించింది, పంపు ఎందుకు కొట్టమన్నానో అర్థమైనట్టు. వీల్ నట్ల బిగింపు 120 న్యూటన్ మీటర్లు. మీటరు పొడవు కడ్డీ కొసన పన్నెండు కిలోల బరువు వేలాడదీసినంత. దానికి కొలిచే స్పానర్ ఉంటుంది. కాలితో తొక్కి బిగించే అలవాటు ఉంటే మానుకోండి.

ఇంతటితో అయిపోలేదు. కొత్త ప్యాడ్ డిస్క్‌కు పరిచయం కావాలి. ఆదివారం తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద గంటకు 60 మైళ్ళ నుంచి 10కి ఎనిమిది పదిసార్లు వేగం తగ్గించాం. ఒక్కసారి కూడా పూర్తిగా ఆపలేదు. ఆ వేడిలో ప్యాడ్‌లోంచి సన్నటి పొర ఒకటి డిస్క్ మీదికి ఎక్కి సమంగా పరుచుకుంటుంది. ఆ తర్వాత పట్టు చాలావరకు ఇనుముకూ ప్యాడ్‌కూ మధ్య కాదు, ప్యాడ్‌కూ ప్యాడ్ పొరకూ మధ్య. కాగిన బ్రేకుతో ఆగి పెడల్ తొక్కిపట్టి ఉంచితే ఆ పొర ఒకచోట అచ్చులా మందంగా అంటుకుంటుంది. వేడి మరీ ఎక్కువైతే ఆ చోట ఇనుమే గట్టిపడిపోతుంది. ఆ తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగు వణుకుతుంది. డిస్క్ వంకరపోయింది అంటారు మెకానిక్‌లు. చాలాసార్లు వంకరపోదు, మచ్చ పడుతుంది.

తిరిగి వచ్చాక బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూశాను. పిస్టన్లు నెట్టినప్పుడు పొంగిపొర్లలేదు కదా అని. పొర్లితే రంగును తినేస్తుంది. పొర్లలేదు. కానీ తేనె రంగులో ఉండాల్సింది చిక్కటి డికాక్షన్ రంగులో ఉంది.

"ఇది ఎప్పుడు మార్చావురా?"

"అది కూడా మార్చాలా మామయ్యా?"

ఆ ఆయిల్ నిజానికి నూనె కాదు, నీటి ఆవిరిని గాలిలోంచి పీల్చుకునే గ్లైకాల్ జాతి ద్రవం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలదాకా మరగకూడదు. నాలుగు శాతం కూడా కాని నీరు చేరాక దాని మీద పెట్టుకున్న ఆశ 155 డిగ్రీలకు దిగిపోతుంది. ద్రవం నొక్కితే నలగదు, అందుకే కాలి బలం చక్రందాకా చేరుతుంది. లోపల మరిగి ఆవిరి బుడగలు పుడితే అవి నలుగుతాయి. పెడల్ తొక్కుతాం, బుడగలు చిన్నవవుతాయి, పిస్టన్ కదలదు. పూర్వపు డ్రమ్ము బ్రేకులకు ఇంకో జబ్బు ఉండేది, వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూకు దూరంగా జరిగేది. 1953లో లె మాన్స్ రేసులో జాగ్వార్ కార్లు డిస్క్ బ్రేకులతో గెలవడానికి ఒక కారణం అదే. డిస్క్ వేడెక్కి లావెక్కితే ప్యాడ్‌కే దగ్గరవుతుంది. డిస్క్ ఆ సమస్య తీర్చింది గానీ, ఆయిల్ మరగడం డిస్క్‌కూ తప్పలేదు.

తిరుమల నుంచి దిగడం తీసుకోండి. ఎత్తు తేడా 700 మీటర్లనుకుంటే, ఇదే బరువు కారు కొండ దిగేసరికి వదిలించుకోవాల్సిన శక్తి, 100 మీద నుంచి పద్దెనిమిదిసార్లు ఆపినంత. ఎసరులో అయితే ముప్పై లీటర్ల పైనే. ఆ భారంలో కొంత చిన్న గేరులో ఇంజనుకు అప్పగించకుండా అంతా బ్రేకుల నెత్తినే వేసేవాళ్ళ కార్ల నుంచే దిగువన మాడు వాసన వస్తుంది.

ప్యాడ్ అరిగితే కీచుమని చెప్పే నాలుక దానికి ఉంది. ఆయిల్‌లో నీరు చేరితే చెప్పే నాలుక లేదు. మా వాడి కారుకు మళ్ళీ శనివారం పాత ఆయిలు తీసి, కొత్తది పోసి, గాలి తీశాం. ఎక్కువ కార్లకు రెండు మూడేళ్ళకోసారి మార్చాలని మాన్యువల్‌లో ఉంటుంది. మీ బండిది చివరిసారి ఎప్పుడు మార్చారో ఈ వారంలో ఒకసారి చూసుకోండి.